యూకే కారుతో ఫ్రాన్స్ ప్రయాణం: హెడ్‌లైట్లు కుడివైపు ట్రాఫిక్‌కి ఎలా మార్చాలి?

మిల్టన్_మామ

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఇంగ్లండ్‌లో ఫోక్‌స్టన్ దగ్గర ఇంగ్లిష్ ఛానెల్ కింది టనెల్ రైలెక్కి ఫ్రాన్స్‌లోని కాలే ఊళ్లో దిగి, అక్కడి నుంచి స్ట్రాస్‌బర్గ్ మీదుగా స్విట్జర్లాండ్ దాకా రెండు బండ్లు వెళ్తున్నాయి. ఒకటి 2012 హ్యాచ్‌బ్యాక్, హెచ్7 హాలోజెన్ బల్బులు. రెండోది 2020 ఎస్టేట్ (వెనక పొడవాటి డిక్కీ ఉన్న కారు), ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు. రెండూ కుడి చేతి స్టీరింగ్.

హెడ్‌లైట్ల మీద స్టిక్కర్లు వేయాలంటున్నారు. ఎక్కడ అతికించాలి? ఎల్‌ఈడీ బండికి కూడా కావాలా? నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కతో పని కాదా? ఆ ప్యాకెట్‌లో ఇచ్చే కాగితం చూస్తే జాతక చక్రంలా ఉంది, ఒక్క ముక్క అర్థం కాలేదు.

కటాఫ్_గీత

ఎందుకో ముందు తెలిస్తే ఎక్కడ అన్నది దానంతట అదే తేలుతుంది.

చీకట్లో కారుని గోడకి ఎదురుగా ఆపి లో బీమ్ వేయండి. గోడ మీద ఒక గీత కనిపిస్తుంది: కింద వెలుగు, పైన చీకటి. దాన్నే కటాఫ్ అంటారు. ఎదురు బండి వచ్చే వైపు ఆ గీత బల్లపరుపుగా ఉంటుంది. రోడ్డు మార్జిన్ వైపు మాత్రం 15 డిగ్రీల వాలుతో పైకి లేస్తుంది. మార్జిన్‌లో నడిచేవాళ్లు, సైకిళ్లు, బోర్డులు కనపడాలని ఆ ఏర్పాటు. ఎడమవైపు నడిచే దేశాల్లో (యూకే, ఐర్లాండ్, మన దేశం) లేచే భాగం ఎడమకి ఉంటుంది. ఆ బండినే ఫ్రాన్స్‌లో కుడివైపు నడిపితే ఆ లేచిన వెలుగు సరిగ్గా ఎదురు లేన్‌లో పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. హెడ్‌లైట్ నేలకి 65 సెం.మీ. ఎత్తు, ఎదురు డ్రైవర్ కన్ను 115 సెం.మీ. ఎత్తు, రెండు బండ్ల మధ్య పక్కదూరం మూడున్నర మీటర్లు అనుకోండి. బీమ్ మామూలుగా 1% కిందికి వంచి ఉంటుంది, అంటే మీటరుకి ఒక సెంటీమీటరు. 15 డిగ్రీల వాలు మీద మూడున్నర మీటర్లు పక్కకి వెళ్తే గీత 94 సెం.మీ. లేస్తుంది.

ఎదురు బండి 100 మీటర్ల దూరంలో: 65 − 100 + 94 = 59 సెం.మీ. కంటికి చాలా కింద. ఇబ్బంది లేదు.
50 మీటర్ల దగ్గర: 65 − 50 + 94 = 109. కంటికి ఆరు సెంటీమీటర్లే కింద.
30 మీటర్ల దగ్గర: 65 − 30 + 94 = 129. వెలుగు నేరుగా కంట్లో.

తిన్నని రోడ్డు మీద ఆఖరి యాభై మీటర్లలోనే ఎదురువాడి కళ్లు బైర్లు కమ్ముతాయన్నమాట. మీ సీట్లోంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, అదీ చిక్కు. ఎడమ మలుపుల్లో ఇంకా ఘోరం. అక్కడ ఎదురు బండి మీ కారు ముక్కుకి ఇంకా ఎడమగా ఉంటుంది, గీత అక్కడ ఇంకా ఎత్తులో ఉంటుంది. ఆల్ప్స్ ఘాట్ రోడ్డంతా మలుపులే మరి.

పాత_బండి

టేపు చాలు మామా. గ్లాసు మీద త్రికోణం ఆకారంలో ఒక ముక్క అంటించి వెళ్లిపోవడమే. ఏళ్ల తరబడి లోకమంతా అదే చేసింది.

గ్యారేజ్_గోడ

పాత_బండి అన్నా, అది గాజు కవర్ల కాలం నాటి మాట. అప్పట్లో హెడ్‌లైట్ గాజు మీదే గీతలు, ప్రిజమ్‌లు ఉండేవి. వెలుగుని ఎడమకి లేపే త్రికోణం ముక్క ఆ గాజులోనే కంటికి కనపడేది, దాని మీద టేపు వేస్తే పని అయిపోయేది. ఇప్పుడు కవర్ నున్నటి పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. వెలుగుని మలిచేది లోపలి రిఫ్లెక్టరో, ప్రొజెక్టరో. బయట త్రికోణం ఎక్కడ వేయాలన్నది కంటికి తెలియదు.

రెండో సంగతి వేడి. నల్ల టేపు వెలుగుని మింగి వేడెక్కుతుంది. దాని వెనక 55 వాట్ల హాలోజెన్ బల్బు గంటల తరబడి వెలిగితే జిగురు కరిగి కవర్ మీది రక్షణ పూతకి పట్టేస్తుంది. పీకేటప్పుడు పూత పొరలుగా లేచిందంటే ఆ హెడ్‌లైట్ ఇక మసకే. 

మామ గారూ, స్టిక్కర్ కొనేముందు ఒక పని చేయండి. హెడ్‌లైట్ కవర్ మీద గుండ్రంలో ఇంగ్లిష్ E అక్షరం, ఒక అంకె ఉన్న గుర్తు ఉంటుంది (ఈ1 అంటే జర్మనీ, ఈ2 ఫ్రాన్స్, ఈ11 యూకే). అది ఆమోదం ఇచ్చిన దేశం మాత్రమే, దానితో మనకి పని లేదు. ఆ దగ్గర్లో బాణం ఉందేమో చూడాలి. కారుకి ఎదురుగా నిలబడి చూసినప్పుడు:

బాణం మీ కుడిచేతి వైపు చూపిస్తుంటే ఆ దీపం ఎడమవైపు ట్రాఫిక్‌కి మాత్రమే.
బాణమే లేకపోతే కుడివైపు ట్రాఫిక్‌కి మాత్రమే.
రెండు వైపులా మొనలున్న బాణమైతే రెండింటికీ మార్చుకునే ఏర్పాటు లోపల ఉంది.

మూడోది చూసి దానంతట అదే మారుతుందనుకోకండి. మీటో, మెనూనో ఎక్కడో ఉంటుంది. దాన్ని మనం మార్చాలి.

మిల్టన్_మామ

ఇప్పుడే టార్చి వేసుకుని చూశాను. హ్యాచ్‌బ్యాక్‌కి కుడివైపు బాణం. ఎస్టేట్‌కి రెండు మొనల బాణం.

గ్యారేజ్_గోడ

అయితే హ్యాచ్‌బ్యాక్‌కి స్టిక్కర్, ఎస్టేట్‌కి మెనూ. స్టిక్కర్ సంగతి ముందు చెప్తాను.

బజారులో దొరికేవి రెండు రకాలు. ఒకటి వెలుగుని ఆపేసే నల్ల ముక్క, అంటే మాస్క్. రెండోది సన్నటి ప్రిజమ్ గీతలున్న పారదర్శకపు ముక్క. ఇది వెలుగుని ఆపదు, పక్కకీ కిందికీ వంచుతుంది. కొన్ని ప్యాకెట్లలో ప్రిజమ్ ముక్క మీద నల్ల భాగం కూడా కలిపి ఇస్తారు. అన్ని మోడళ్లకీ పనికొచ్చే ప్యాకెట్‌తో పాటు ఏ మోడల్‌కి ఏ బొమ్మ అన్న పట్టిక వస్తుంది. మీ జాతక చక్రం అదే. మోడల్ పేరు ఒక్కటే చూస్తే చాలదు. ఒకే మోడల్ ఒకే ఏడాదిలో హాలోజెన్ రిఫ్లెక్టర్‌తోనూ, ప్రొజెక్టర్‌తోనూ వచ్చి ఉంటుంది, రెండింటికీ బొమ్మలు వేరు.

అతికించే పద్ధతి ఇది:

1. టైర్లలో గాలి సరిగా ఉంచి, చదునైన నేల మీద గోడకి 5 మీటర్ల దూరంలో కారుని నిటారుగా ఆపండి. డ్యాష్‌బోర్డు మీద హెడ్‌లైట్ ఎత్తు మార్చే చిన్న చక్రం 0 దగ్గర ఉండాలి.

2. లో బీమ్ వేసి, ఒక దీపం ముందు అట్ట నిలబెట్టి వెలుగు ఆపండి. దీపం మీద గుడ్డ కప్పకండి, వేడెక్కుతుంది. రెండో దీపపు కటాఫ్ గీత మీద గోడకి మాస్కింగ్ టేపు అంటించండి. బల్లపరుపు భాగం ఎక్కడ ఆగి వాలు మొదలవుతుందో ఆ మూలని కూడా గుర్తు పెట్టండి.

3. నాలుగైదు సెంటీమీటర్ల చదరపు అట్టముక్కని కవర్‌కి ఆనించి మెల్లగా జరుపుతూ గోడనే చూడండి. ఒక చోట ఎడమవైపు లేచిన వెలుగు మాయమై, మిగతా వెలుగు దాదాపు అలాగే ఉంటుంది. స్టిక్కర్ చోటు అదే. పట్టికలో బొమ్మ దీనికి దగ్గరగా ఉంటే సరే. తేడా వస్తే మోడల్ గడి తప్పు చదివారేమో మళ్లీ చూడండి.

4. లైట్లు ఆపి, కవర్ చల్లారాక తడిగుడ్డతో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మైనం పాలిష్ ఉంటే స్టిక్కర్ నిలవదు.

5. ముక్కని మధ్య నుంచి అంచులకి నొక్కుతూ అంటించండి. లోపల గాలి బుడగ ఉండకూడదు. బుడగ ఉన్నచోట వెలుగు చెదురుతుంది.

6. మళ్లీ లైట్లు వేసి గోడ చూడండి. గీత రెండు వైపులా బల్లపరుపుగా కనిపించాలి.

ఎక్కువమంది పప్పులో కాలేసేది రెండు చోట్ల. ఒకటి, ఎడమ దీపానికీ కుడి దీపానికీ స్టిక్కర్లని అద్దంలో ప్రతిబింబంలా అంటించడం. రెండు దీపాల వెలుగూ ఎడమకే లేస్తుంది కదా, అందుకని కవర్ ఆకారాలు ఎదురెదురుగా ఉన్నా స్టిక్కర్ చోటు అలా తిరగబడదు. పట్టికలో రెండు దీపాలకీ వేర్వేరు బొమ్మలిచ్చేది అందుకే. రెండు, ప్రిజమ్ ముక్కని తలకిందులుగా అంటించడం. కిందికి వంగాల్సిన వెలుగు పైకి వంగుతుంది, స్టిక్కర్ లేనప్పటికంటే ఎక్కువ గుచ్చుతుంది. పై అంచు ఏదో ముక్క మీదే గుర్తు ఉంటుంది.

ఆప్టిక్స్_పిచ్చి

అట్టముక్క పద్ధతి రిఫ్లెక్టర్ దీపాలకి భలేగా పనిచేస్తుంది, ఎందుకంటే రిఫ్లెక్టర్‌లో ఒక్కో భాగం గోడ మీద ఒక్కో చోటికి వెలుగు పంపుతుంది. గుండ్రటి కటకం ఉన్న ప్రొజెక్టర్ దీపానికి ఈ పద్ధతి సాగదు. అందులో కటాఫ్ గీతని చేసేది లోపల బల్బుకీ కటకానికీ మధ్య నిలబెట్టిన రేకు. కటకం ఆ రేకు అంచు బొమ్మనే తలకిందులుగా రోడ్డు మీదకి పంపుతుంది. గోడ మీద ప్రతి చుక్కకీ కటకం మొత్తం నుంచి వెలుగు వస్తుంది. అందుకని కటకం ముందు ఎక్కడ అడ్డం పెట్టినా వాలు పోదు, మొత్తం బీమ్ మసకబారుతుందంతే. సినిమా ప్రొజెక్టర్ ముందు కటకానికి ఆనించి వేలు పెడితే తెర మీద వేలు బొమ్మ పడుతుందా? తెరంతా మసకవుతుంది. అదే లెక్క.

కాబట్టి ప్రొజెక్టర్‌కి నల్ల మాస్క్ వట్టి దండగ. కొంతవరకు పనికొచ్చేది ప్రిజమ్ ముక్కే, అదీ పట్టికలో చెప్పిన చోట. పాత జెనాన్ ప్రొజెక్టర్లు కొన్నింటిలో దీపం వెనక మూత తీస్తే చిన్న మీట ఉంటుంది. దాన్ని తిప్పితే లోపలి రేకు పక్కకి జరిగి వాలు పోతుంది. జెనాన్ బల్బుకి వేల వోల్టుల్లో కరెంటు వెళ్తుంది. లైట్లు పూర్తిగా ఆపి, తాళం తీసేశాకే ఆ మూత ముట్టుకోవాలి.

ఇంకోటి. గీత గారు చెప్పిన 15 డిగ్రీల వాలు అన్ని దీపాలకీ ఉండదు. కొన్ని ప్రొజెక్టర్లలో గీత 45 డిగ్రీలతో ఒక మెట్టు ఎక్కి మళ్లీ బల్లపరుపు అవుతుంది. అప్పుడు లెక్క కొంచెం మారుతుంది, చేయాల్సిన పని మారదు.

కటాఫ్_గీత

ఒప్పుకున్నాను. మెట్టు రకంలో దగ్గరి దూరాల్లో కాస్త నయం, దూరంలో అధ్వాన్నం. మెట్టు పైభాగం దీపం ఎత్తుకే వస్తుంది కనుక డిక్కీ బరువుకి ముక్కు లేచిందంటే చాలా దూరం దాకా గుచ్చుతుంది.

నార్విచ్_నుంచి

మరి మామ గారి ఎల్‌ఈడీ ఎస్టేట్ సంగతి? కారు పేరు చెప్తే మెనూ ఎక్కడుందో చెప్పొచ్చు.

మిల్టన్_మామ

స్కోడా.

గ్యారేజ్_గోడ

ఫోక్స్‌వ్యాగన్ కుటుంబం కార్లలో (స్కోడా, సియాట్ కూడా అవే) దీన్ని ట్రావెల్ మోడ్ అంటారు. తెర మీద కారు సెట్టింగుల్లో లైట్ల భాగంలో చూడండి. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కార్లలో రైట్ హ్యాండ్ ట్రాఫిక్, లెఫ్ట్ హ్యాండ్ ట్రాఫిక్ అన్న మాటలతో ఉంటుంది. ఇంజిన్ ఆన్ చేసి, బండి ఆగి ఉన్నప్పుడే కొన్ని మెనూలు తెరుచుకుంటాయి. కనపడకపోతే మాన్యువల్ చివరి పట్టికలో విదేశాల్లో డ్రైవింగ్ అన్న శీర్షిక కింద వెతకండి. ఆ పేజీలో మూడింట్లో ఒక మాట ఉంటుంది: మెనూలో మార్చండి, షోరూమ్‌లో మార్పించండి, లేదా ఈ దీపాలకి ఏమీ చేయనక్కర్లేదు. మూడోది కూడా నిజమే, కొన్ని మోడళ్ల కటాఫ్ ముందే దాదాపు బల్లపరుపుగా చేసి ఉంటుంది. జీపీఎస్ చూసి సరిహద్దు దాటగానే తామే మార్చుకునే ఖరీదైన దీపాలూ ఉన్నాయి.

ట్రావెల్ మోడ్ వేశాక మలుపుల్లో దీపం పక్కకి తిరిగే పని ఆగిపోవచ్చు. అది పాడవడం కాదు, ఆ మోడ్ లెక్కే అంత. మోడ్ నొక్కి ఊరుకోకుండా గోడ పరీక్ష ఇక్కడా చేయండి: ఆఫ్, ఆన్, మళ్లీ ఆఫ్. గోడ మీద ఎడమ వాలు అణగాలి. ఏమీ మారకపోతే బయల్దేరే రోజు ఉదయం కాదు, రెండు వారాల ముందే షోరూమ్‌కి ఫోన్ చేయాలి.

ఎల్‌ఈడీ కవర్ మీద మాత్రం స్టిక్కర్ ప్రయోగాలు చేయకండి. ఒక్కో దీపంలో నాలుగైదు గదులుంటాయి, ఏ గది వెలుగు ఎటు వెళ్తుందో బయటి నుంచి తెలియదు.

పాత_బండి

సరే, టేపు మాట వెనక్కి తీసుకున్నా. కానీ హెడ్‌లైట్ ఎత్తు చక్రం 3 మీద పెట్టి బీమ్ బాగా దించేస్తే స్టిక్కర్ గొడవే ఉండదు కదా?

కటాఫ్_గీత

వాలు పోదు, మొత్తం బీమ్ కిందికి దిగుతుంది. 65 సెం.మీ. ఎత్తున్న దీపం 1% వంపుతో ఉంటే బల్లపరుపు గీత 65 మీటర్ల దగ్గర రోడ్డుని తాకుతుంది. 2% కి దించితే ముప్పై రెండున్నర మీటర్లకే ఆగిపోతుంది. ఊరి బయట 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ముప్పై మీటర్ల చూపు అంటే, బ్రేక్ మీద కాలు పెట్టేలోపే ఆ ముప్పై మీటర్లూ అయిపోతాయి.

చక్రం పని వేరే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే స్టిక్కర్ కంటే ముందు చూడాల్సింది అదే. సెలవుల ప్రయాణమంటే వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను, పైగా ప్రెషర్ కుక్కరు, పది కిలోల బియ్యం. వెనక భాగం కుంగి ముక్కు లేస్తుంది. బీమ్ సగం శాతం లేచిందనుకోండి. పైన వేసిన లెక్కలో 50 మీటర్ల దగ్గర గీత 109 నుంచి 134 కి వెళ్తుంది, అంటే కంటికి పైకి. 100 మీటర్ల దగ్గర కూడా 109 కి వచ్చేస్తుంది. యాభై మీటర్ల లోపలి సమస్య కాస్తా దాదాపు వంద మీటర్ల సమస్య అయింది. స్టిక్కర్ సరిగ్గా వేసినా ఈ ఎత్తు అలాగే ఉంటుంది.

సరిచేసే పద్ధతి: సామాను ఎక్కించకముందు 5 మీటర్ల గోడ మీద గీత గుర్తు పెట్టండి. మొత్తం ఎక్కించి, మనుషులంతా కూర్చున్నాక మళ్లీ చూడండి. 5 మీటర్ల దగ్గర ప్రతి 5 సెం.మీ. తేడా ఒక శాతం. గీత పాత గుర్తు మీదకి దిగేదాకా చక్రం తిప్పండి. ఐదుగురూ సామానూ ఉంటే మామూలుగా 1 కీ 2 కీ మధ్య తేలుతుంది, డ్రైవర్ ఒక్కడూ నిండు డిక్కీ అయితే 3. జెనాన్ బండికీ, ఎక్కువ వెలుగిచ్చే ఎల్‌ఈడీ బండికీ ఈ చక్రం ఉండదు, ఎత్తు తనే సర్దుకుంటుంది. ఉన్నదీ లేనిదీ స్టీరింగ్ పక్కన చూస్తే తెలుస్తుంది.

నార్విచ్_నుంచి

బల్బు మార్చి ఎల్‌ఈడీ బల్బు పెట్టుకున్న హాలోజెన్ దీపాలకి కూడా ఇవే స్టిక్కర్లా?

గ్యారేజ్_గోడ

వాటికి ఏ స్టిక్కరూ పనిచేయదు. రిఫ్లెక్టర్ లెక్కంతా హాలోజెన్ తీగ ఎక్కడుంటుందో దాని మీద కట్టారు. ఎల్‌ఈడీ చిప్‌ల ఆకారం, చోటు వేరు కనుక కటాఫ్ గీతే చెదిరిపోతుంది. లేని గీతని సరిచేయడం ఎలా? యూకేలో కారు హాలోజెన్ దీపానికి అలాంటి మార్పిడి ఎంఓటీలో (అక్కడ బండికి ఏటా జరిగే తనిఖీ) ఫెయిల్. పాత హాలోజెన్ బల్బు తిరిగి పెట్టి, అప్పుడు గోడ దగ్గరికి రండి.

రైన్_తీరం

నాది తిరగేసిన ప్రశ్న. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి యూకేకి కాపురం మారుతూ ఎడమ స్టీరింగ్ కారు వెంట తీసుకెళ్లాలి. స్టిక్కర్లు వేసుకుని అక్కడ శాశ్వతంగా నడపొచ్చా?

గ్యారేజ్_గోడ

చుట్టపుచూపుగా వెళ్తే స్టిక్కర్, కాపురానికైతే మార్పు. యూకేలో రిజిస్టర్ చేయాలంటే మూడు చోట్ల చూస్తారు: హెడ్‌లైట్లు ఎడమ ట్రాఫిక్ బీమ్ ఇవ్వాలి, స్పీడోమీటర్ మైళ్లలో చూపాలి, వెనక ఫాగ్ లైట్ కుడివైపో మధ్యలోనో ఉండాలి. జర్మనీ కార్లకి ఒక్కటే ఫాగ్ లైట్ ఉంటే అది ఎడమవైపు ఉంటుంది. చాలా బండ్లలో కుడి దీపంలో గూడు ఖాళీగా ఉంటుంది, హోల్డర్, బల్బు, వైరు వేస్తే సరిపోతుంది.

హెడ్‌లైట్లకి రెండు మొనల బాణం ఉంటే షోరూమ్‌లో మార్పించి, మార్చినట్టు కాగితం తీసుకోండి. లేకపోతే యూకే జత కొనక తప్పదు. పాతసామాన్ల యార్డులో జత కొనేటప్పుడు ఇందాకటి బాణమే చూడండి, అమ్మేవాడి మాట కాదు. ఎల్‌ఈడీ జత అయితే బిగించాక కోడింగ్ (కారు కంప్యూటర్‌కి కొత్త దీపాలని గుర్తించేలా చెప్పడం) కూడా చేయాలి. అది చేయకపోతే డ్యాష్‌బోర్డు మీద లోపం గుర్తు వెలుగుతూనే ఉంటుంది.

ఎంఓటీ పరీక్ష వేరే సంగతి. అక్కడ గట్టిగా అంటుకుని ఉండి, వెలుగుని మరీ తగ్గించని మాస్క్‌ని ఒప్పుకుంటారు. దాన్నే పట్టుకుని రిజిస్ట్రేషన్‌కి కూడా స్టిక్కర్ చాలనుకుని వచ్చేవాళ్లున్నారు.

శంషాబాద్_టు_లండన్

హైదరాబాద్ నుంచి రోడ్డు మీద లండన్ దాకా వెళ్లాలనుకునేవాళ్లకి స్టిక్కర్లు ఎన్ని జతలు కావాలి?

కటాఫ్_గీత

దారిని బట్టి. తూర్పు దారిలో మణిపూర్‌లో మోరే దాటగానే మయన్మార్. అక్కడ 1970 నుంచి కుడివైపు నడక, రోడ్డు మీద కార్లలో చాలా వాటికి మాత్రం కుడి స్టీరింగే! అక్కడి నుంచి థాయ్‌లాండ్ ఎడమ, లావోస్ కుడి, చైనా నుంచి ఇంగ్లిష్ ఛానెల్ దాకా కుడి, యూకే మళ్లీ ఎడమ. నేపాల్ మీదుగా టిబెట్‌లోకి వెళ్తే సరిహద్దులో ఒక్కసారే మారుతుంది.

ఒకసారి పీకిన స్టిక్కర్ మళ్లీ నిలవదు. తూర్పు దారికి మయన్మార్‌కొకటి, లావోస్ నుంచి ఇంకొకటి, దుమ్ముకీ కడుగుళ్లకీ పోయేదానికి ఒకటి, మొత్తం మూడు జతలు. ఈ ప్యాకెట్లు దొరికేది ఎక్కువగా యూకేలో, యూరప్‌లో. బయల్దేరేముందే తెప్పించుకోవాలి. పట్టికలో మన దేశపు మోడల్ ఉండకపోవచ్చు, అట్టముక్క పద్ధతే గతి.

డల్లాస్_డ్రైవర్

అమెరికా, కెనడా, మెక్సికో మూడింటిలోనూ కుడివైపే కాబట్టి ఇక్కడివాళ్లకి ఈ బెడద లేదు. ఒక్క యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో ఎడమవైపు నడుస్తారు, కార్లు మాత్రం ఎడమ స్టీరింగువే.

ఆప్టిక్స్_పిచ్చి

దేశం మొత్తం మారిన సందర్భాలూ ఉన్నాయి. స్వీడన్ 1967 సెప్టెంబరు 3న ఎడమ నుంచి కుడికి మారినప్పుడు కార్ల హెడ్‌లైట్లన్నీ మార్చాల్సి వచ్చింది. అప్పటికి ఎక్కువ కార్లకి ఒకే కొలత గుండ్రటి దీపాలు, చవక. మోడల్‌కో ఆకారం వచ్చేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుందని కూడా తొందరపడ్డారు. సమోవా 2009 సెప్టెంబరు 7న కుడి నుంచి ఎడమకి మారింది.

మిల్టన్_మామ

నిన్న రాత్రి రెండు బండ్లకీ గోడ పరీక్ష అయింది. ఎస్టేట్‌లో ట్రావెల్ మోడ్ దొరికింది, గీత బల్లపరుపు అయింది. హ్యాచ్‌బ్యాక్‌కి అట్టముక్క చోటూ పట్టికలో బొమ్మా అర అంగుళం తేడాలో కలిశాయి. రెండు సందేహాలు. పగలే ప్రయాణమైతే టనెల్ దాటాక అతికించొచ్చా? స్టిక్కర్ వేశాక కుడి మార్జిన్ బాగా కనపడుతుందా?

గ్యారేజ్_గోడ

ఇంట్లోనే, ముందురోజు సాయంత్రం అతికించండి. కాలేలో దిగగానే నేరుగా మోటర్‌వే, ఆగి కొలతలు చూసే వీలుండదు. వాన పడినా, సొరంగం వచ్చినా పగలైనా లైట్లు వేయాల్సిందే. పైగా రాత్రంతా ఆరిన జిగురు గట్టిగా పడుతుంది. ప్రెషర్ వాషర్‌తో కడిగితే అంచు లేస్తుంది, బకెట్ నీళ్లూ గుడ్డా చాలు. హెడ్‌లైట్ వాషర్ ఉన్న బండి అయితే అది కొట్టాక ఒకసారి అంచులు చూడండి.

కుడి మార్జిన్ బాగా కనపడదు. స్టిక్కర్ గానీ, చాలా బండ్లలో ట్రావెల్ మోడ్ గానీ ఎడమ వాలుని తీసేస్తుంది, కుడివైపు కొత్తగా వాలు ఇవ్వదు. యూకేలో మార్జిన్ మీద అలవాటైన చూపు అక్కడ ఉండదు. రాత్రి పల్లె రోడ్ల మీద వేగం తగ్గించడమే మందు.

పాత_బండి

తిరిగొచ్చాక పీకడం?

గ్యారేజ్_గోడ

మర్చిపోకూడదు. యూకేలో వాటితోనే తిరిగితే ఎడమ మార్జిన్ చీకటి. హ్యాచ్‌బ్యాక్ లైట్లు పది నిమిషాలు వేసి ఉంచితే కవర్ గోరువెచ్చగా అవుతుంది. ఆర్పేసి, గోటితో ఒక మూల లేపి కవర్‌కి సమాంతరంగా మెల్లగా లాగండి. మొండికేస్తే హెయిర్ డ్రయర్‌ని కాస్త దూరంగా పెట్టి ఊదండి. మిగిలిన జిగురుకి గోరువెచ్చని సబ్బునీళ్లు, పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తుడిచే అసిటోన్ తగిలిస్తే పాలీకార్బొనేట్ తెల్లగా పాలిపోతుంది, బ్లేడు పెడితే గీత పడుతుంది. ఎస్టేట్‌కి పీకేది ఏమీ ఉండదు కనుక దాన్నే ఎక్కువ మర్చిపోతారు. ట్రావెల్ మోడ్ ఆఫ్ చేయాలని ఒక చీటీ స్టీరింగ్‌కి అంటించుకోండి, ఆ నల్ల టేపు అందుకు వాడొచ్చు.